హారతి అయ్యేదాకా ఆగని చోక్

పాత పెట్రోలు బండ్లకు ఈ మధ్య మళ్ళీ మర్యాద మొదలైంది. నిన్నమొన్నటిదాకా కోళ్ళు గుడ్లు పెట్టుకున్న జీపుకు ఇప్పుడు రంగు వేసి, మైనం రుద్ది, దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు. బెంగుళూరు నుంచీ కోయంబత్తూరు నుంచీ కుర్రవాళ్ళు వచ్చి, పాత మెకానిక్కులను వెతికి మాట్లాడిస్తున్నారు. సేలం రోడ్డు మెకానిక్కును మాట్లాడించారు. జన్మలో స్కూటర్లు తప్ప ఇంకేమీ విప్పనివాణ్ణి మాట్లాడించారు. కార్బొరేటర్లు అమ్మేవాణ్ణి కూడా మాట్లాడించారు. అమ్మేవాడికి దాని ధర తెలుసు, అంతకు మించి తెలియాల్సిన అవసరం అతనికి ఎప్పుడూ పడలేదు.

తమిళనాడు ధర్మపురిలో, పెన్నాగరం రోడ్డులో, జీవితమంతా షెడ్డు నడిపిన నా దగ్గరికి ఒకే ఒక్క అబ్బాయి వచ్చాడు. మెడలో కెమెరా ఉంది. హొగెనకల్లు జలపాతానికి దారి ఇదేనా అని అడిగాడు. ఇదేనని చెప్పాను. వెళ్ళిపోయాడు.

కాబట్టి ఎవరూ అడగకుండానే రాస్తున్నాను. షెడ్డుకు తాళం వేసిన రోజు నాకు శాలువా కప్పినవాళ్ళు లేరు. పక్కన టీకొట్టు ఆయన మాత్రం వచ్చి, ఈ చోటు ఇంక ఎవరికి బాడుగకు ఇస్తారని అడిగాడు. నాకు జరిగిన సన్మానం అదే. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఒక చిన్న రేకు గురించి. ఇంజనులో ఇంతకంటే పెద్ద సామాన్లు చాలా ఉన్నాయి. మనుషుల బుద్ధి బయటపెట్టడంలో మాత్రం దీన్ని మించింది లేదు.

రేకు పని

చోక్ పెద్ద విద్య ఏమీ కాదు. కార్బొరేటర్ నోటికి అడ్డంగా ఒక గుండ్రటి రేకు ఉంటుంది. అది మూసుకుంటే లోపలికి పోయే గాలి తగ్గుతుంది, పెట్రోలు ఎక్కువ వస్తుంది. రాత్రంతా నిలబడి చల్లారిన ఇంజనుకు పొద్దున లేవడానికి ఆ చిక్కదనం కావాలి. చల్లటి ఇనుముకు తగిలిన పెట్రోలు ఆవిరి కాకుండా అక్కడే అంటుకుని ఉండిపోతుంది కనుక, ఎక్కువ పోస్తే గాని కొంచెం మండదు. ఇంజను వేడెక్కేకొద్దీ రేకు తెరుచుకుంటూ రావాలి. పూర్తిగా వేడెక్కాక రేకు నిలువుగా నిలబడి, అసలు లేనట్టే ఉండాలి.

మన ఊళ్ళలో మంచు పడదు కదా, చోక్ ఎందుకని వాదించేవాళ్ళు నా షెడ్డుకు చాలామంది వచ్చారు. వాళ్ళు స్వెట్టరు వేసుకుని వచ్చి ఈ వాదన చేసేవాళ్ళు. ఇంజనుకు చలి అంటే మంచు కాదు, రాత్రంతా కదలకుండా నిలబడటమే.

నేను పని నేర్చుకున్నది సేలంలో, దొరసామి మేస్త్రీ దగ్గర. ఆయన నేర్పాడని రాస్తే అబద్ధమవుతుంది. ఆయన చేస్తుంటే నేను చూశాను, చూసినందుకు ఆయన తిట్టాడు. ఆయనా ఇంట్లో తెలుగు మాట్లాడేవాడే. కోపం తెలుగులో, బేరం తమిళంలో. ఒక్క సంగతి మాత్రం ఆయన చేతిలో చూసి తీరాలి. చోక్ చెడిపోయిన బండి వస్తే, ఎయిర్ ఫిల్టర్ తీసేసి, డ్రైవరును సెల్ఫ్ కొట్టమని, కార్బొరేటర్ నోటిమీద తన అరచెయ్యి మూసేవాడు. ఇంజను ఆ చేతిని లోపలికి పీల్చుకునేది. ఒకసారి దగ్గి, రెండోసారి అందుకునేది. అందుకున్న క్షణమే చెయ్యి తీసేయాలి. లోపలి మంట ఎదురు కొట్టిందంటే అరచేతి తోలు అక్కడే ఉండిపోతుంది. అరచెయ్యి కంటే మంచి చోక్ ఇంతవరకూ ఎవరూ చేయలేదు. దాన్ని బండిలో బిగించి పంపలేము కనుక మిగిలినవన్నీ వచ్చాయి.

హరూరు వ్యాను

మేస్త్రీ దగ్గర ఉన్న రోజుల్లోనే హరూరు నుంచి ఒక వేరుశెనగ వ్యాపారి వ్యాను వచ్చింది. బండి పెట్రోలు విపరీతంగా తాగుతోందని ఆయన ఒక డ్రైవరును దొంగ అని మాన్పించాడు. ఇంకొకణ్ణి పెట్టాడు. తాగడం తగ్గలేదు. వాణ్ణీ దొంగ అని మాన్పించాడు. మూడోవాడు ముందున్న ఇద్దరి గతీ చూసినవాడు కనుక, చేరిన వారానికే బండిని నేరుగా మా దగ్గరికి తోలుకొచ్చాడు.

ప్లగ్గులు విప్పితే కాటుక పూసినట్టు ఉన్నాయి. బాగున్న ప్లగ్గు కాల్చిన కుండపెంకు రంగులో ఉండాలి. ఆయిలు పుల్ల తీసి వాసన చూస్తే అందులోనూ పెట్రోలే. డ్రైవరు ముందున్న చోక్ గుండీ పూర్తిగా లోపలికి నెట్టి ఉంది, అంటే రేకు తెరుచుకుని ఉండాలి. చూస్తే సగం మూసుకునే ఉంది. ఎవరో కొత్త కేబుల్ వేసి, దాన్ని వీణ తీగలా బిగించి వదిలేశాడు. గుండీ లోపలికి పోయినా రేకు తెరుచుకోవడానికి తావు లేదు. బండి ఎండాకాలం మధ్యాహ్నం కూడా చలికాలం పొద్దున లాగే తాగుతోంది. నేను కేబుల్‌కు గోరంత వదులు ఇచ్చాను. రేకు నిలబడింది. అంతే పని.

ఓనరుకు ఏం చెప్పాలని అడిగితే, కార్బొరేటర్ సర్వీసు చేశామని చెప్పమన్నాడు మేస్త్రీ. ఆ ఇద్దరు డ్రైవర్లూ దొంగలు కాదు కదా అన్నాను.

“వాళ్ళు మనకు బండి తెస్తారా?” అన్నాడు.

నేను ఊరుకోలేదు. వ్యాపారి వచ్చినప్పుడు కేబుల్ చూపించి మొత్తం చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. అయితే ఈ మూడోవాడు దొంగ కాదన్నమాట, మంచిది అన్నాడు. కాఫీ తాగి వెళ్ళిపోయాడు. మొదటి ఇద్దరి మాట ఆయన నోట రాలేదు. కొన్నాళ్ళకు వాళ్ళలో ఒకడు మొరప్పూరు రైల్వే స్టేషనులో మూటలు మోస్తూ కనిపిస్తే, సంగతి చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను.

“ఇప్పుడు చెప్తే ఏమప్పా,” అన్నాడు, మూట దించకుండానే. “నా అత్తగారింట్లో నేను దొంగనే.”

కొత్తగా వచ్చేవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోండి. బండిలో తప్పు ఎక్కడుందో కనుక్కోవడం మెకానిక్కు పని. ఆ తప్పు ఎవరిదో ఒప్పించడం ఏ మెకానిక్కు వల్లా కాదు.

ఏ చోక్ పెట్టాలి

పాత లారీకి ఏ చోక్ మంచిదని అడిగితే నేను ఒకే మాట చెబుతాను: చేత్తో లాగేది. చేతి చోక్ అంటే ఒక గుండీ, ఒక కేబుల్, ఒక రేకు. చెడిపోతే కంటికి కనబడుతుంది. దాన్ని సరిపెట్టడం ఇంతే. గుండీ పూర్తిగా నెట్టినప్పుడు కేబుల్‌లో కాస్త వదులు ఉండి, రేకు నిలువుగా నిలవాలి. పూర్తిగా లాగినప్పుడు రేకు మూసుకోవాలి. సగం లాగి వదిలితే గుండీ అక్కడే ఆగాలి. బండి అదురుకు దానంతట అది జారిపోతే ఆ కేబుల్ పారేయండి. చోక్ లాగినప్పుడు ఆక్సిలరేటర్ కూడా వెంట్రుకవాసి తెరుచుకునేలా పక్కన ఒక చిన్న కడ్డీ ఉంటుంది. దాన్ని మరిచిపోతే ఇంజను అందుకుని, మరుక్షణం ఆగిపోతుంది. చల్లని ఇంజను మీదే ఇవన్నీ చూడాలి. మధ్యాహ్నం బండి తెచ్చి, ఇంజను కాలుతుండగా చోక్ సెట్ చేయమనేవాళ్ళకు టీ ఇప్పించి, మర్నాడు పొద్దున రమ్మని పంపండి.

రెండో రకంలో పొగగొట్టం వేడికి ఒక చుట్టస్ప్రింగు సాగి రేకును తెరుస్తుంది. మంచిదే. కాకపోతే పాత లారీలో ఆ వేడి తెచ్చే గొట్టం తుప్పు పట్టి ఊడిపోయి ఉంటుంది. ఊడిపోయిందని ఓనరు ఒప్పుకోడు.

మూడోది కరెంటు చోక్. నల్లటి గుండ్రటి మూత, దానికో వైరు. తాళం తిప్పగానే లోపలి స్ప్రింగుకు కరెంటు వెళ్ళి వేడెక్కుతుంది, రేకు మెల్లగా తెరుచుకుంటుంది. తెలివైన సామానే. కానీ దానికి ఒక్కటే తెలుసు: తాళం తిప్పారు. ఇంజను తిరుగుతోందో లేదో దానికి తెలియదు. ఇంజను చల్లగా నిలబడే ఉన్నా, తాళం తిప్పి మీరు కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటే, అది తన పని తాను చేసుకుని రేకు తెరిచేస్తుంది. ఆ తరువాత సెల్ఫ్ కొడితే చల్లని ఇంజనుకు చిక్కదనం ఉండదు. అందుకోదు. ఈ నాలుగు వాక్యాలు మా ఊరివాళ్ళు విని ఉంటే, ఇక ముందు రాసేది రాయాల్సిన పనే ఉండేది కాదు.

అమ్మవారి లారీ

మాది పాపారపట్టి దగ్గర పల్లె. ఊరి పెద్ద గోవిందసామి నాయుడు నాకు వరసకు మామ. ఆయన తండ్రి, మిలిటరీవాళ్ళు వేలం వేసిన పెట్రోలు లారీ కొని చింతపండు తోలాడు. చింతపండు డీజిలు లారీలకు మారాక, ఆ బండికి ఏడాదికి ఒకే పని మిగిలింది: పండగ రోజు అమ్మవారిని ఎక్కించుకుని ఊరూరా తిరగడం. కొయ్య తేరు చెదలు పట్టిపోయినప్పటి నుంచి మాకు ఈ లారీయే తేరు.

దీనికి ఒక ఆచారం ఏర్పడింది. పొద్దున అమ్మవారిని పైన కూర్చోబెట్టాక తాళం తిప్పుతారు. డాష్ బోర్డులో ఎర్రదీపం వెలుగుతుంది. అది అమ్మ కన్ను. అమ్మ కన్ను తెరిచిందని ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ కులవ కూత పెడతారు. పూజారి ఆ దీపానికి హారతి పడతాడు. హారతి అయ్యాక ముందు చక్రం దగ్గర టెంకాయ కొడతారు. కాయ పగలగానే సెల్ఫ్ కొట్టాలి, ఇంజను ఆ ఒక్క దెబ్బకు అందుకోవాలి. అందుకుంటే అమ్మ బయలుదేరడానికి ఒప్పుకున్నట్టు. లారీ మీద చెయ్యి వేసేవాళ్ళందరూ ముందునుంచే చేతికి పసుపుదారం కట్టుకుంటారు. దాన్ని కాపు అంటారు. కాపు విప్పేదాకా నీచు ముట్టకూడదు. బండి అందుకున్నాక పూజారికి, మామకు, మెకానిక్కుకు తలకు పట్టుగుడ్డ కడతారు. ఆ పరివట్టం ఏటా నా తలకు కట్టారు. చేతి చోక్ ఉన్నన్నాళ్ళూ బండి ఒక్కసారి కూడా అమ్మ మాట కాదనలేదు. గుండీ లాగి పెట్టుకుంటే హారతి ఎంతసేపు పట్టినా రేకు కదలదు.

తరువాత పాత కార్బొరేటర్ అరిగిపోయి, పక్కలనుంచి గాలి పీల్చడం మొదలుపెట్టింది. చేతి చోక్‌నే ఉంచి, సేలంలో లేతు పట్టించి బుష్‌లు వేయిస్తే ఇంకో తరం వస్తుందని చెప్పాను. మామ అల్లుడు రవికి ధర్మపురిలో బ్యాటరీల కొట్టు ఉంది. బ్యాటరీలు అమ్మేవాడికి కరెంటుతో నడిచే ప్రతిదీ బంధువే. కోయంబత్తూరు నుంచి కరెంటు చోక్ ఉన్న కార్బొరేటర్ తెచ్చాడు.

“చేత్తో లాగేదంతా ఇప్పుడు ఎవురు వాడతారన్నా? ఇది అన్నీ అదే చూసుకుంటాది. మనం తాకే పనే లేదు,” అన్నాడు.

“అదేనప్పా నాకు భయం,” అన్నాను.

మామ అల్లుడి వైపు నిలబడ్డాడు. బిగించే పని నాకు వదిలారు. బిగించాను. మంచి పని చేశాను. మూత తిప్పి స్ప్రింగు సరిపెట్టాను. వరసగా పొద్దుపొద్దున వెళ్ళి చూశాను, తాళం తిప్పీ తిప్పకముందే ఇంజను అందుకునేది. అయినా హారతి సంగతి నా మనసులో ఉంది. చోక్ వైరు మధ్యలో ఒక చిన్న స్విచ్ పెడతాను, ఇంజను అందుకున్నాక నొక్కితే చాలు అన్నాను. వైరు కోస్తే గ్యారంటీ పోతుందన్నాడు రవి. పాత సామాన్ల గుజిరీ కొట్లో కొన్న సామానుకు గ్యారంటీ ఇచ్చిన మహానుభావుడు ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.

అందుకని పండగకు ముందు నేనే మామ ఇంటికి వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. రాజమ్మత్త, ఆయన భార్య, చింతకాయలు కొడుతోంది.

“మామా, ఈ చోక్‌తో తాళం తిప్పినాక ఆగకూడదు,” అన్నాను. “తాళం తిప్పేది, సెల్ఫ్ కొట్టేది ఒకే ఊపులో అయిపోవాల. నడుమ హారతి పెడితే బండి అందుకోదు. ఈసారి హారతి ముందే కానిచ్చేసి, టెంకాయ కొట్టేటప్పుడు తాళం తిప్పేట్టు పూజారికి చెప్పండి.”

రాజమ్మత్త చెయ్యి ఆపింది. “కన్ను మూసుకోనుండే తల్లికి హారతి పడతారా ఎవురన్నా? ఆ పూజారి ఒప్పుకుంటాడా?”

“పూజారికి నేను చెప్తాలే,” అన్నాడు మామ. “నువ్వు నీ పని చూసుకో.”

నేను నా పని చూసుకున్నాను.

టెంకాయ పగిలాక

పండగ పొద్దున బండి రాత్రి తేమకు తడిసి చల్లగా ఉంది. బానెట్ మీద చామంతిపూల దుప్పటి. అమ్మవారు ఎక్కింది. రవి డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. ఎర్రదీపం వెలిగింది. కులవలు లేచాయి. పూజారి కర్పూరం వెలిగించాడు.

నేను మామ వైపు చూశాను. మామ ఆకాశం వైపు చూస్తున్నాడు.

ఆ ఏడు చందా ఇచ్చిన ప్రతి ఇంటి పేరూ చెప్పి హారతి తిప్పాలని కమిటీవాళ్ళు కొత్తగా తీర్మానించారట. పేర్లు ఒక్కొక్కటే వస్తున్నాయి. తన పేరు వదిలేశారని ఒకాయన మధ్యలో వచ్చి తగాదా పెట్టుకుని, తన పేరుతో పాటు తన బావమరిది పేరు కూడా చెప్పించుకున్నాడు. వాళ్ళకు అమ్మ కన్ను కనిపిస్తోంది. నాకు బానెట్ కింద రేకు మెల్లగా తెరుచుకోవడం కనిపిస్తోంది. బావమరిది పేరు వచ్చేసరికి అది నిలువుగా నిలబడి ఉంటుంది.

టెంకాయ పగిలింది. రవి సెల్ఫ్ కొట్టాడు. తిరిగింది, అందుకోలేదు. మళ్ళీ కొట్టాడు. డప్పులు ఆగిపోయాయి. ఇంకా కొట్టాడు. బ్యాటరీ అమ్మేవాడి బండిలో బ్యాటరీ నీరసించింది. అంతమంది జనంలో ఆ మూలుగు ఒక్కటే వినిపించింది.

నేను ముందుకు వెళ్ళి, బానెట్ తెరిస్తే అరచెయ్యి మూసి ఇప్పుడే అందుకునేట్టు చేస్తానని చెప్పాను. ఇది చోక్ పని, నేను చెప్పింది ఇదే అన్నాను. పూలు తీయకూడదన్నారు. పూలు తీయకుండా పక్కనుంచి లేపుతానన్నాను. మామ అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

“చాలు మునిరత్నం. ఇంక ముట్టొద్దు.”

అప్పుడు పూజారి, కాపు తప్పినవాళ్ళు ఎవరో బండిని ముట్టుకున్నారని అన్నాడు. ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకపోయింది. మామ నోటినుంచి ‘ముట్టొద్దు’ అనే మాట అప్పుడే వచ్చి ఉంది. జనం ఆ రెండు మాటలను కలుపుకున్నారు.

చివరికి ఒక ట్రాక్టరు తెచ్చి, ఇనుప గొలుసు కట్టి, అమ్మవారి లారీని ఈడ్చుకుంటూ పోయారు. ట్రాక్టరు డీజిలుది, దానికి చోకే ఉండదు. ఆ ఒక్క యోగ్యతతో ట్రాక్టరు ఓనరు తలకు పరివట్టం కట్టారు.

నా విస్తరిలో కోడి

పండగకు ముందు నేను హరూరులో ఒక పెళ్ళికి వెళ్ళిన మాట నిజం. చేతికి కాపు ఉంది కనుక పక్కన నీచు లేని పంక్తిలో కూర్చుని రసమన్నం, మజ్జిగన్నం తిన్నాను. పండగ మర్నాటికి ఆ విస్తరి ఊళ్ళోకి వచ్చేసింది. మొదట నేను కోడిపులుసు ఉన్న పంక్తి పక్కన కూర్చున్నానన్నారు. మధ్యాహ్నానికి పులుసు నా అన్నంలో పడింది. సాయంత్రానికి నేను రెండోసారి అడిగి వేయించుకున్నాను. పాపారపట్టి సంతకు వెళ్ళేసరికి కోడి మేక అయింది. ఆ పెళ్ళిలో అసలు మేకను కోయలేదు. పెళ్ళివాళ్ళను పిలిపించి అడగండి అన్నాను. అంత చిన్న విషయానికి ఎందుకన్నారు. చిన్న విషయమైతే నా మీద ఎందుకు వేశారో చెప్పలేదు.

లారీ దగ్గరికి వెళ్ళి, తాళం తిప్పి కాసేపు ఆగి చూపిస్తానని అడిగాను. ఊరిముందర చూపిస్తానన్నాను. మామ తాళం ఇవ్వలేదు.

మరుసటి ఏడు పండగకు నన్ను పిలవలేదు. జనంలో నిలబడి చూశాను. కన్ను తెరిచింది, హారతి తిప్పారు, పేర్లన్నీ చెప్పారు, బావమరిది పేరు కూడా చెప్పారు. టెంకాయ పగిలింది. ఇంజను ఒక్క దెబ్బకు అందుకుంది. అందుకున్నాక రవి ముందుకు వంగి, చేత్తో ఏదో కొంచెం కొంచెంగా లోపలికి నెట్టడం చూశాను. బండి కదలకముందే కిటికీ దగ్గరికి వెళ్ళి తల పెట్టి చూశాను. స్టీరింగు కింద నల్లటి గుండీ. చేతి చోక్. సేలం నుంచి ఒక మెకానిక్కును పిలిపించి, కరెంటు మూత పీకేసి, కేబుల్ వేయించుకున్నారు. నేను మొదటి రోజు చెప్పినది, నాకు చెప్పకుండా చేయించుకున్నారు. పరివట్టం సేలం ఆయన తలకు కట్టారు. ఆయన మీద నాకు కోపం లేదు. కేబుల్ వదులు సరిగ్గానే ఇచ్చాడు.

రవిని అడిగితే, అది మామగారి ఇష్టమన్నాడు. మామను ఊరేగింపులోనే అడిగాను.

“పండగ పూట ఏంటికప్పా ఇదంతా?” అన్నాడు.

పండగ అయ్యాక వెళ్ళి అడిగాను.

“అయిపోయిందానికి ఏంటికప్పా ఇప్పుడు?” అన్నాడు.

తరువాతి పండగ దగ్గరికి వస్తుంటే ముందుగానే వెళ్ళాను. మంచి పని మొదలుపెట్టేటప్పుడు పాత మాట ఎత్తకూడదన్నాడు. మామ నాకు జవాబు చెప్పడానికి తగిన నెల పంచాంగంలో ఇంకా రాలేదు.

రాజమ్మత్తను సంతలో చూశాను. నేను అడగలేదు. ఆమే ఆగింది. “నువ్వు చెప్పినావు, నేను విన్నాను. ఆయన చెప్పలేదు. నేనేం చేసేది, చెప్పు?” అని, బుట్ట సర్దుకుని వెళ్ళిపోయింది.

ఎవరైనా చెప్పాలి

నా చేతికి ఇప్పటిదాకా మళ్ళీ కాపు కట్టలేదు. పెళ్ళి పంక్తుల్లో వడ్డించే కుర్రాళ్ళు నా విస్తరి దగ్గర ఆగి, ఏం తాతా, ఇదా అదా అని నవ్వుతారు. నేను బ్రతికుండగానే ఇలా ఉంటే, పోయాక నా మనవళ్ళకు ఈ మాట ఇంటిపేరులా అంటుకుంటుంది. పరివట్టం నాకు అక్కర్లేదు. ముసలి తలకు పట్టుగుడ్డ ఉక్కగానే ఉంటుంది. నాకు కావలసింది ఆ మాట వెనక్కి తీసుకోవడం.

ఇది తెలుగులో రాయడానికి కారణం ఉంది. చిన్నప్పుడు కుప్పంలో మేనమామ ఇంట్లో ఉండి నేను అక్షరాలు నేర్చుకున్నాను. గోవిందసామి మామకు ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా చదవడం రాదు. తమిళంలో రాస్తే ఒక్కడే చదువుకుని మడిచి పెట్టుకుంటాడు. దీన్ని ఆయన ఎవరిచేతనైనా పైకి చదివించుకోవాలి. చదివేవాడు ఒకడు వింటాడు. అరుగు పక్కన ఉన్నవాళ్ళు వింటారు. రాజమ్మత్త లోపలినుంచి వింటుంది.

చదువుతున్నవాడా, ఇక్కడ కొంచెం మెల్లగా చదువు.

మామా, నేను నీచు తిని ముట్టుకోవడం వల్లే ఆ రోజు బండి నిలబడి ఉంటే, మరుసటి ఏడు చోక్ ఎందుకు మార్పించినారు? నన్ను దూరం పెట్టినారు కదా, అది చాలదా? చోక్ వల్లే నిలబడిందని తెలిసి మార్పించి ఉంటే, నా మీద వేసిన మాట ఇంకా ఎందుకు ఉంచినారు? ఆ రోజు అరుగు మీద పూజారికి చెప్తానని మీరు అన్నారా, లేదా?

పండగ దూరంగా ఉంది. మంచి పనేదీ ఇంకా మొదలుపెట్టలేదు. ఇప్పుడు చెప్పండి.